అప్‌డేట్: విద్యార్థులను విరాళానికి కదిలించేది ఏమిటన్న నా ప్రశ్నకు ముగింపు

మా విశ్వవిద్యాలయంలో తోటివారి ఫీజుల కోసం పెట్టిన సహాయ నిధికి విద్యార్థులు ఎందుకు స్పందించడం లేదని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ఫలించినది 'నేరుగా అడగండి' అన్న సలహాయే. దాతృత్వంపై జరిగిన అధ్యయనాలను పరిశోధకులు బెకర్స్, వీప్‌కింగ్ పరిశీలించి 2011లో ప్రచురించిన సమీక్షలో దానానికి చూపిన ఎనిమిది కారణాల్లో అవసరం తెలియడం, ఎవరైనా అడగడం అనేవే మొదటి రెండు. నోటీసు బోర్డు ముందు నుంచి రోజూ నడిచివెళ్లినవారే, తరగతి ముగిశాక పక్క బెంచీ స్నేహితుడు అడిగితే అక్కడికక్కడే ఫోన్ తీసి డబ్బు పంపారు. 'నిధికి సాయం చేయండి' అనడం మాని, ఒక విద్యార్థిని పరీక్ష ఫీజు గడువు దగ్గరపడిందని (ఆమె అనుమతితో, పేరు బయటపెట్టకుండా) చెప్పినప్పుడు స్పందన ఇంకా పెరిగింది. పరిశోధకులు స్మాల్, లోవెన్‌స్టైన్, స్లోవిక్ 2007లో వెల్లడించిన ప్రయోగాల్లోనూ గణాంకాల కంటే ఒక వ్యక్తి పరిస్థితే ఎక్కువ విరాళాలు తెచ్చింది.

ప్రశంసాపత్రాల వల్ల తేడా ఏమీ రాలేదు. పన్ను మినహాయింపు ఊసు ఆదాయమే లేని విద్యార్థులకు ఎలాగూ పట్టదు. దాతల పేర్ల జాబితా మాత్రం కొద్దిగానే ఇవ్వగలిగినవారిని ఇబ్బంది పెట్టినందువల్ల తీసేశాము. రెండోసారి ఇచ్చినవారిలో అత్యధికులు, ఫీజు రసీదు నకలుతో ఖర్చు వివరాలు అందుకున్నవారే.