చేప కండ పసుపు రంగుకు తిరిగింది, తెలిసినవాళ్లు చెప్పండి

నర్సంపేట కుంట:
తెల్లవారుజామున వల వేసి రెండు క్వింటాళ్లు పట్టాం. హనుమకొండలో మొదటి చేప కోయగానే కండంతా పసుపు. కొనేవాడు "కామెర్లు వచ్చిన చేప" అని పక్కకు నెట్టేశాడు. సగం ధరకు ఇచ్చి వచ్చాను. చేపలు బాగానే తింటున్నాయి, చావులు లేవు, మొప్పలు ఎర్రగానే ఉన్నాయి. మధ్యాహ్నం నుంచి అందరికీ ఫోన్లు చేస్తున్నాను, ఒక్కరూ తిన్నగా చెప్పడం లేదు. మేత వల్లేనా?

చెరువుగట్టు:
ఏ చేప? ఏ మేత?

పాత హేచరీ:
మేత మారితే మాంసం మారక తప్పదండీ. నార్వే సాల్మన్‌నే చూడండి. 1990లో దాని మేతలో తొంభై శాతం దాకా చేపపిండి, చేపనూనె ఉండేవి. 2013 నాటికి అవి ముప్పై శాతం లోపుకు దిగాయి. మిగతాది ఎక్కువగా సోయా, మొక్కల నూనెలు. చేప పెరిగింది, కానీ కండలో ఒమేగా 3 అనే మంచి కొవ్వు తగ్గింది. తిన్న నూనే కదా కొవ్వులో చేరేది! సాల్మన్ కండకు ఉండే గులాబీ రంగు కూడా పెంపకంలో మేతలో కలిపే ఆస్టాజాంతిన్ అనే రంగు పదార్థం వల్లే, అది మానేస్తే కండ పాలిపోతుంది. యూరప్‌లో 2017 నుంచి చేపల మేతలో పురుగుల పిండికి కూడా అనుమతి ఉంది. మనం ఇంకా తవుడు, నూనె తీసిన గింజల చెక్క దగ్గరే ఉన్నాం. ఎన్నిసార్లు చెప్పినా వినేవారు లేరు.

చెరువుగట్టు:
ఆయన కుంట నర్సంపేటలో ఉంది.

నర్సంపేట కుంట:
వాలుగ అన్నా. మేత పాతదే, కాస్త మక్కజొన్న కలిపాను, అంతే.

గాలపు ముల్లు:
వాలుగ కాదు. వాలుగ నోటినిండా పళ్లున్న వేటచేప, మక్కజొన్న పిండి కోసం గట్టుకు రాదు. మీది పంగసియస్ అనే పెంపకం చేప. వీపు మీద, తోకకు దగ్గరగా చిన్న కండరెక్క ఉందేమో చూడండి. వాలుగకు అది ఉండదు.

నర్సంపేట కుంట:
మా ఊళ్లో అందరూ వాలుగ అనే అంటారు.

గాలపు ముల్లు:
అందరూ అన్నంత మాత్రాన చేప మారదు.

కోళ్ల షెడ్డు:
పేరు సంగతి తర్వాత. తమ్ముడూ, "కాస్త" అంటే ఎంత?

నర్సంపేట కుంట:
సగానికి సగం. గుళికల మేత కొనలేక రెండు నెలలుగా మా చేనులో పండిందే ఆడించి వేస్తున్నాను.

కోళ్ల షెడ్డు:
ఈ మాట ముందే చెప్పాల్సింది. పసుపు రంగు మక్కజొన్నలో ల్యూటిన్, జియాజాంతిన్ అనే రంగులు ఉంటాయి. మా కోళ్ల గుడ్డులో సొనను పసుపుగా చేసేవి అవే. మాకు గిరాకీ పెంచే రంగు మీకు గిరాకీ చెడగొట్టింది. జబ్బు కాదు, తింటే ఏమీ కాదు, కానీ కొనేవాడికి తెల్ల కండ కావాలి. కుంట నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా ఉంటే నాచు నుంచి కూడా ఈ రంగే చేరుతుంది. మక్కజొన్న ఆపి నూకలు, నూనె తీసిన తవుడు వేయండి. మాంసకృత్తుల కోసం సోయా చెక్క ఉండాల్సిందే. నీళ్లు కొంత మార్చండి. రంగు కొవ్వులో పట్టింది, వారంలో పోదు. ఒక చేపను కోసి చూసుకున్నాకే ఇక మీదట వల వేయండి.

జమ్మికుంట కొర్రమీను:
నా చేపలు మట్టి వాసన వస్తున్నాయి. అదీ మక్కజొన్నేనా?

చెరువుగట్టు:
కాదు. నీటిలో నాచు. శుభ్రమైన నీళ్లలో మేత లేకుండా కొన్ని రోజులు ఉంచండి. వేరే ప్రశ్నగా అడగండి.

నర్సంపేట కుంట:
ఒకటి కోసి చూశాను. పొట్టలో కొవ్వు పసుపుకొమ్ములా ఉంది. మిగిలిన నాలుగు బస్తాలు మా కోళ్లకే. సంతోషం అన్నా.

గాలపు ముల్లు:
రెక్క చూశారా?