జీఎస్టీ తగ్గింది సరే, మీ దగ్గర రేట్లు తగ్గాయా?

2025 సెప్టెంబర్ 22 నుంచి షాంపూ, పేస్టు, సబ్బుల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది కదా. అయినా అప్పట్లో మా వీధి కొట్టాయన 100 రూపాయల షాంపూకి వందా తీసుకున్నాడు. అడిగితే "పాత స్టాకండీ, సీసా మీద ఎంతుంటే అంతే" అన్నాడు. 13 రూపాయలు తగ్గాలి కదా? మీకూ ఇంతేనా?

జవాబు 1: 13 కాదు, 11. ఎమ్మార్పీలో పన్ను కలిసే ఉంటుంది కాబట్టి అసలు ధర 84.75, దాని మీద 5 శాతం వేస్తే దాదాపు 89. పాత స్టాకైనా సరే, పన్ను పడేది అమ్మిన రోజు రేటు ప్రకారమే. బిల్లు తీసుకుని 1915కి (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి.

జవాబు 2: చిన్న కొట్లవాళ్లను మరీ అంత తిట్టకండి. జీఎస్టీ నంబరు లేనివాడు 18 శాతం కట్టి కొన్న సరుకుకి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మేటప్పటి పన్నులో తగ్గించుకోవడం) రాదు, డిస్ట్రిబ్యూటర్ తేడా ఇవ్వకపోతే నష్టం వాడి నెత్తినే. సూపర్ మార్కెట్ వాళ్లకి మాత్రం ఆ సాకు చెల్లదు, వాళ్లను నిలదీయండి.

జవాబు 3: 2017 నవంబర్‌లో హోటళ్లకి 5 శాతం చేసినప్పుడూ ఇదే గోల. ఇన్‌పుట్ క్రెడిట్ తీసేశారని చాలాచోట్ల మెనూ రేట్లే పెంచేశారు, బిల్లు మళ్లీ అక్కడికే వచ్చింది. 5 రూపాయల బిస్కెట్ ప్యాకెట్ అయితే రేటు కాదు, బరువు పెరిగిందో లేదో వెనక గ్రాములు చూడండి.