కరెంటు మీటర్లను బీఎంఎస్ (బిల్డింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్) లైన్‌లోనే కలపాలా, వేరే లైన్ వేయాలా?

ఫెసిలిటీ_హైటెక్‌సిటీ:
మాది పది అంతస్తుల ఆఫీసు బిల్డింగ్. ఫ్లోర్ ప్యానెళ్లలో 28 మల్టీఫంక్షన్ మీటర్లున్నాయి. అన్నిటికీ ఆర్‌ఎస్-485 పోర్టు (డేటా వైర్లు తగిలించేది), దాని మీద మాట్లాడే మోడ్‌బస్ అనే భాష ఉంది. ఏసీ కంట్రోలర్లేమో బ్యాక్‌నెట్ ఎంఎస్/టీపీ అనే వేరే భాష మీద నడుస్తున్నాయి. "ఈ మీటర్లు తీసేసి బ్యాక్‌నెట్ మీటర్లు పెట్టండి, ఉన్న లైన్‌లోనే కలిపేస్తాం" అంటాడు బీఎంఎస్ వెండర్. మీటర్లకు విడిగా లైన్ లాగి చివర గేట్‌వే (ఒక భాషను ఇంకో భాషలోకి మార్చే డబ్బా) పెట్టాలంటాడు ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్. అద్దెదారుల బిల్లులూ వీటి మీదే వేయాలి. ఎవరి మాట వినమంటారు?

కమిషనింగ్_అన్న:
వెండర్ చెప్పిందే కరెక్ట్. గేట్‌వే అంటే ఇంకో డబ్బా, ఇంకో ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు). అది చచ్చిందంటే 28 మీటర్లూ ఒకేసారి మాయం. పైగా రిజిస్టర్లన్నీ (మీటర్ తన రీడింగులు ఉంచే గళ్లు) చేత్తో మ్యాప్ చేసుకోవాలి. బ్యాక్‌నెట్‌లో పాయింటు పేరు, యూనిట్ పరికరమే చెబుతుంది. 1979 నాటి మోడ్‌బస్‌ను ఇంకెన్నాళ్లు మోస్తాం?

ప్యానెల్_వైరింగ్:
అన్నా, పాతదైతే ఏం, పని చేస్తోందిగా! ఎంఎస్/టీపీ నడిచేదీ అదే ఆర్‌ఎస్-485 మీద. అందులో టోకెన్, అంటే మాట్లాడే వంతు, ఒకరి నుంచి ఒకరికి తిరగాలి. 28 మీటర్లు మధ్యలో దూరితే ఏసీ కంట్రోలర్ల వంతు ఆలస్యమవుతుంది. ఇంకో సంగతి. రేపు ఎవరో హెల్పర్ మీటర్ మార్చి పాత అడ్రస్ బదులు వేరే పరికరానిది పెట్టాడనుకోండి, లేదా ఏ, బీ వైర్లు తారుమారు చేశాడనుకోండి. మీటర్ రీడింగ్ పోతే పోయింది, ఏహెచ్‌యూ (చల్లగాలి పంపే ఏసీ యంత్రం) కూడా ఆఫ్‌లైన్. ఏసీ రాలేదని ఫోన్లు ఎవరికొస్తాయి?

కమిషనింగ్_అన్న:
హెల్పర్ తప్పు చేస్తే ఏ లైన్ అయినా పడుతుంది. ట్రంక్ (మెయిన్ డేటా లైన్) సరిగా డిజైన్ చేస్తే ఇవేవీ రావు. మరి మోడ్‌బస్‌లో ఒక్కో మీటర్‌ను వంతులవారీగా అడగాలి కదా, డిమాండ్ కంట్రోల్‌కు (వాడకం హద్దు దాటకుండా చూడడానికి) ఆ స్పీడ్ సరిపోతుందా?

ప్యానెల్_వైరింగ్:
లెక్క వేద్దాం. 9600 బాడ్ లైన్ స్పీడ్ దగ్గర ఒక బైటుకు మిల్లీసెకను పైచిలుకు. 50 రిజిస్టర్లు అడిగితే 105 బైట్ల జవాబు వస్తుంది. అడగడం, మీటర్ ఆలోచించుకోవడం కలిపి ఒక్కో దానికి 200 మిల్లీసెకన్లు వేసుకున్నా 28 మీటర్లూ చుట్టి వచ్చేది 6 సెకన్ల లోపే. డిమాండ్ లెక్కించేది 15, 30 నిమిషాల బ్లాకుల్లో. ఇంకేం తొందర?

బిల్లింగ్_డెస్క్:
బిల్లులు వేసేది నేను కాబట్టి చెబుతున్నా. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, బీఎంఎస్ రెండూ అవే మీటర్లను చదవాలి. మోడ్‌బస్ ఆర్‌టీయూ (ఆర్‌ఎస్-485 వైర్ల మీద నడిచే మోడ్‌బస్) లైన్ మీద మాస్టర్, అంటే రీడింగ్ అడిగేది, ఒక్కటే ఉండాలి, ఇద్దరు అడిగితే గందరగోళం. గేట్‌వే ఉంటే లైన్ మీద అదొక్కటే అడుగుతుంది. ఆ రీడింగులనే ఈథర్నెట్ మీద బీఎంఎస్‌కు బ్యాక్‌నెట్ ఐపీగా, బిల్లింగ్‌కు మోడ్‌బస్ టీసీపీగా ఇస్తుంది. ఆ డబ్బా ఖర్చు దీనికే. ఒక స్పేర్ కొని బీరువాలో పెట్టుకోండి.

ఏ దారి పట్టినా, బిల్లుకు మీటర్‌లోని కేడబ్ల్యూహెచ్ (యూనిట్ల) రీడింగే తీసుకోండి. బీఎంఎస్ చేత కేడబ్ల్యూ (ఆ క్షణంలో వాడకం) కూడబెట్టించొద్దు. లైన్ గంటసేపు తెగితే ఆ కూడికలో గంట పోతుంది, మీటర్‌లోని అంకె మాత్రం అలాగే పెరుగుతూ ఉంటుంది.

నెట్‌వర్క్ పట్టుకోలేనిది సీటీ (పెద్ద కరెంటును మీటర్‌కు సరిపడేంతకు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) రేషియో. ప్యానెల్‌లో 400/5 సీటీ ఉండి, మీటర్‌లో 200/5 సెట్ చేస్తే రీడింగ్ సగమే చూపిస్తుంది. కమ్యూనికేషన్ మాత్రం పచ్చగానే ఉంటుంది! ప్రతి ఫ్లోర్‌లో క్లాంప్ మీటర్ పెట్టి ఆంప్స్ పోల్చాకే సంతకం పెట్టండి. 32 బిట్ల విలువ రెండు రిజిస్టర్లలో వస్తుంది, వాటి వరస తిరగబడితే 230 వోల్టుల చోట సున్నానో, అర్థంలేని భారీ సంఖ్యో కనిపిస్తుంది. అందుకే ముందు వోల్టేజీ చూడండి, అక్కడ ఇట్టే తెలిసిపోతుంది.

కమిషనింగ్_అన్న:
ఇద్దరు చదవాలంటే గేట్‌వే ఒప్పుకుంటా. కానీ దాన్ని రీడ్-ఓన్లీగా పెట్టించండి. మోడ్‌బస్‌కు పాస్‌వర్డ్ ఉండదు, నెట్‌వర్క్‌లోకి వచ్చిన ఎవరైనా రైట్ కమాండ్ పంపొచ్చు. కొత్త బిల్డింగ్ అయితే మాత్రం ఈథర్నెట్ మీద బ్యాక్‌నెట్ మీటర్లే కొనమంటా.

ఫెసిలిటీ_హైటెక్‌సిటీ:
అయితే మీటర్లు మార్చం, విడి లైనే. డిస్కం వాళ్ల మెయిన్ మీటర్ కూడా ఇందులోకి తేవచ్చా?

ప్యానెల్_వైరింగ్:
సీల్ జోలికి పోకండి సార్. దాని తర్వాత, మీ ఇన్‌కమర్‌లో (బిల్డింగ్‌లోకి కరెంటు వచ్చే మెయిన్ ప్యానెల్) సరిచూసుకోవడానికి చెక్ మీటర్ ఒకటి పెట్టుకోండి. అప్పుడు 29 మీటర్లు. ఒక లైన్‌కు 32 పరికరాలన్నది పాత హద్దు, దాని అంచుకు పోకుండా అయిదేసి అంతస్తులకు రెండు లైన్లుగా విడగొట్టండి. స్టార్‌గా లాగొద్దు, మీటర్ నుంచి మీటర్‌కు గొలుసుగా వెళ్లాలి. రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్, షీల్డ్‌కు ఎర్త్ ఒక్క చివరే.