పదమూడేళ్ల తర్వాత తిరగబెట్టింది, ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నట్టు?

లంకల_అబ్బాయి
అమ్మకి 2011లో రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్, ఆరు కీమోలు, రేడియేషన్, ఐదేళ్లు టామాక్సిఫెన్ (హార్మోన్‌ని అడ్డుకునే మాత్ర). ఆ తర్వాత ఏడాదికోసారి చెకప్ చాలన్నారు. పోయిన సంక్రాంతికి ముగ్గేస్తూ నడుం పట్టేసిందంది. రెండు నెలలు బామ్ రాస్తూ కూర్చున్నాం. స్కాన్‌లో వెన్నుపూసలో మచ్చలు, బయాప్సీలో అదే పాత జబ్బు. అప్పుడు సరిగ్గా తీయలేదంటారా?

మెట్ట_రైతు
తుంగ తెలుసుగా బాబూ. పైన ఎంత పీకినా లోపల గడ్డ ఉంటే మళ్లీ లేస్తుంది. మందు కొట్టినా పచ్చగా ఉన్న ఆకు మీదే పని.

ల్యాబ్_పురుగు
రైతు గారి పోలిక బాగుంది, ఒక్క తేడాతో. తుంగ పీకిన చోటే లేస్తుంది. ఈ కణాలు గడ్డ కనపడే నాటికే రక్తంలో పడి ఎముక మూలుగలోకో ఊపిరితిత్తుల్లోకో చేరి ఉండొచ్చు. కాబట్టి సర్జన్‌ని తప్పుపట్టకండి. అలా చేరిన కొన్ని కణాలు విభజన ఆపేసి నిద్రపోతాయి. కీమో ప్రధానంగా విభజన చెందే కణాల్నే కొడుతుంది, వీటిని తాకకుండానే దాటిపోతుంది. ఏ స్కాన్‌కీ అందవు కూడా.

హార్మోన్ పాజిటివ్, అంటే ఈస్ట్రోజెన్ లాంటి హార్మోన్ల ఊతంతో పెరిగే రకంలో ఇది మరీ ఎక్కువ. 2017లో సుమారు 63 వేల మంది లెక్కలు కలిపి చూశారు. ఐదేళ్లు మాత్రలు పూర్తి చేసి, అప్పటికి జబ్బు లేనివాళ్లలో కూడా ఇరవయ్యో ఏడు వరకు తిరగబెడుతూనే ఉంది. చిన్న గడ్డ, చంకలో గ్రంథులకు పాకనివాళ్లలో దూర అవయవాలకు వచ్చింది 13 శాతం. కాస్త పెద్ద గడ్డ, నాలుగు నుంచి తొమ్మిది గ్రంథులకు పాకినవాళ్లలో 41 శాతం.

పద్మ_గుంటూరు
అయ్యో తమ్ముడూ. నాకూ అదే రకం. మూడో ఏట ఒంట్లో ఆవిర్లు భరించలేక నాలుగు నెలలు మాత్ర మానేశాను, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. స్ట్రిప్పులు బియ్యం డబ్బా వెనక దాచేదాన్ని. డాక్టరమ్మ కనిపెట్టి తిట్టి, మాత్ర మార్చింది. ఇంతకీ కోవిడ్, ఫ్లూ వస్తే ఆ కణాలు లేస్తాయని వాట్సాప్‌లో వచ్చింది, నిజమేనా?

ల్యాబ్_పురుగు
ఎలుకల్లో నిజమే పద్మక్కా. 2025లో వచ్చిన పేపర్. ఫ్లూ, కోవిడ్ వైరస్‌ల వల్ల వచ్చే వాపులో ఐఎల్-6 అనే పదార్థం ఊపిరితిత్తుల్లో నిద్రపోతున్న రొమ్ము క్యాన్సర్ కణాల్ని లేపింది. జలుబు చేసిందని మాత్రం టెన్షన్ పడకండి. ఫ్లూ టీకా సంగతి మీ డాక్టర్‌ని అడగండి.

మెడికల్_షాపు_రాజు
హైడ్రాక్సీక్లోరోక్విన్, అదే మలేరియా మాత్ర, వేసుకుంటే చచ్చిపోతాయటగా ఆ కణాలు? స్ట్రిప్ చాలా చవక.

ల్యాబ్_పురుగు
రాజు గారూ, దయచేసి ఎవరికీ ఇవ్వకండి. అమెరికాలో ఆ ట్రయల్ చేసింది 51 మంది మీద, అదీ మూలుగలో ఈ కణాలు ఉన్నాయని సూదితో తీసి తేల్చుకున్నాక. ఫలితం ఆశాజనకంగానే ఉంది కానీ ఇంకా పెద్ద ట్రయల్స్ కావాలి. ఆ మాత్రతో కళ్లకి, గుండెకి ఇబ్బందులుంటాయి.

లంకల తమ్ముడూ, కొత్త బయాప్సీలో ఈఆర్ (కణం ఈస్ట్రోజెన్‌ని అందుకునే గ్రాహకం), హెర్2 (కణాన్ని పెరగమని తోసే ప్రొటీన్) మళ్లీ చూశారా? పాత రిపోర్టుతో సరిపెట్టొద్దు, ఇన్నేళ్లలో మారి ఉండొచ్చు.

లంకల_అబ్బాయి
చూశారన్నా, ఈఆర్ పాజిటివే. లెట్రోజోల్ (ఈస్ట్రోజెన్ తగ్గించేది), రైబోసిక్లిబ్ (కణ విభజనని ఆపేది) మాత్రలు మొదలుపెట్టారు. "ముగ్గేయడానికి వంగినందుకే వచ్చిందా?" అని నాలుగు రోజులుగా అడుగుతోంది అమ్మ. రాత్రి తుంగ గడ్డ సంగతి చెప్పాను. "అయితే నా నడుం తప్పు కాదన్నమాట" అంది.