ఒక్క కుక్కనే తిప్పే వాకర్‌కి అంత డబ్బు పెట్టొచ్చా? మా రాగికి వేరే కుక్కలంటే భయం

నల్లగండ్ల_రాగి:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

మా రాగి మూడేళ్ళ ఇండీ (మన దేశీ జాతి), ఆడకుక్క. పక్కన బిల్డింగ్ కడుతున్నప్పుడు ఐదు నెలల పిల్లగా దొరికితే తెచ్చుకున్నాం. ఇంట్లో వెన్నలాంటిది, మా బాబు తోక పట్టుకుని లాగినా లేచి పక్క గదిలోకి పోతుంది తప్ప ఒక్కసారి కూడా గుర్రుమనలేదు. పోయిన ఏడాది మా గేటు బయట మూడు వీధి కుక్కలు దాన్ని గోడకి తరిమి చుట్టూ నిలబడి అరిచాయి. కరవలేదు. కానీ అప్పటినుంచి ఏ కుక్క కనిపించినా, రోడ్డుకి అవతల ఉన్నా సరే, వెనక కాళ్ళ మీద లేచి మీదకి దూకబోతుంది. డెలివరీ బైకులు దగ్గరగా పోయినా అంతే.

ఇప్పుడు నాకు ఏడో నెల. మావారిది నైట్ షిఫ్ట్. 18 కిలోల కుక్క ఒక్కసారి లాగితే పడిపోతానేమోనని టెన్షన్, డాక్టర్ గారు కూడా వద్దన్నారు. అందుకని మా అపార్ట్‌మెంట్‌లో నాలుగైదు కుక్కల్ని తిప్పే అతన్ని పెట్టాం, రెండు ల్యాబ్రడార్‌లతో కలిపి తీసుకెళ్ళేవాడు. ఇంతకుముందు బెల్ట్ చప్పుడు వింటే గంతులేసేది, ఆరో రోజుకల్లా బెల్ట్ తీస్తే మంచం కిందికి దూరింది. ఏం జరిగిందని అడిగితే "బాగానే నడిచింది మేడమ్" అంటాడు, అంతకుమించి ఒక్క మాట లేదు. మానిపించాం.

ఒక్క కుక్కనే తీసుకెళ్ళేవాళ్ళు నెలకి 8,000 అడుగుతున్నారు. మా అత్తయ్యగారు "అంత డబ్బెందుకమ్మా, పొద్దున్నా సాయంత్రం మేడ మీద వదిలితే సరిపోదా" అంటున్నారు. నిజంగా తేడా ఉంటుందా? ఉంటే మనిషిని ఎలా ఎంచుకోవాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

బాచుపల్లి_షెపర్డ్:

ఉంటుందండి, కానీ మొదటి నెలలో కనిపించదు, అది ముందే అనుకుని దిగండి. మావాడు జర్మన్ షెపర్డ్, 34 కిలోలు, లిఫ్ట్‌లో ఇంకో కుక్క ఎదురుపడితే నా చెయ్యి ఊడొచ్చేది. మేం పెట్టుకున్న అబ్బాయి మొదటి వారం అసలు బయటికే తీసుకెళ్ళలేదు. సెల్లార్‌లో మా కారు పక్కన కింద కూర్చుని ఉడికించిన చికెన్ ముక్కలు పెట్టి వెళ్ళిపోయేవాడు. దీనికి డబ్బులిస్తున్నామా అని మా ఆవిడతో గొడవ కూడా అయింది. ఎనిమిదో రోజు మావాడే వెళ్ళి అతని మోకాలికి ఆనుకుని నిలబడ్డాడు, ఆ తర్వాత గేటు దాటారు. ఇప్పటికీ లిఫ్ట్ ఎక్కరు, నాలుగంతస్తులు మెట్లే. లిఫ్ట్ తలుపు తెరుచుకునేదాకా లోపల ఏముందో తెలీదు కదా, వాటికి అదే పెద్ద సమస్య.

డాబర్‌మన్_డాడీ:

ఇంత ఆలోచించాల్సిన పని లేదు. చోక్ చైన్ (లాగితే మెడకి బిగుసుకునే గొలుసు) వేసి, దూకబోయినప్పుడు ఒక్కసారి గట్టిగా గుంజండి, పది రోజుల్లో దారికొస్తుంది. మా కుక్కకి అలాగే చేశాం, ఇప్పుడు కిక్కురుమనదు.

ఒకసారి_ఒకే_కుక్క:

నేను ఆరేళ్ళుగా గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఇదే పని చేస్తున్నాను, భయపడే కుక్కల్నే తీసుకుంటాను, ఒకసారికి ఒకదాన్నే.

ముందు చోక్ చైన్ సంగతి. అన్నా, మీ కుక్క కిక్కురుమనడం మానేసింది, భయం మానేసిందని మీకెలా తెలుసు? ఎదుటి కుక్క కనిపించగానే మెడ నొప్పి పుడితే దానికి అర్థమయ్యేది ఒక్కటే, ఆ కుక్క వస్తే నాకు నొప్పి. గుర్రుమనడం అంటే అది మనకిచ్చే హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే ఏ చప్పుడూ లేకుండా నేరుగా కరిచే ప్రమాదం ఉంది. రాగిలాగా భయంతో అరిచే కుక్కకి దయచేసి అది వెయ్యకండి.

ఇక రాగి గురించి. ప్రతి కుక్కకీ అది తట్టుకోగలిగే దూరం ఒకటి ఉంటుంది. ఉదాహరణకి, ముప్పై మీటర్ల అవతల ఇంకో కుక్క కనిపిస్తే చూస్తుంది, నా చేతిలో చికెన్ తింటుంది. పదిహేను మీటర్లకొస్తే ఒళ్ళు బిగుస్తుంది, పెదాలు నాకుతుంది, ముక్క నోటి దగ్గర పెట్టినా పట్టించుకోదు. తిండి వద్దందంటే అప్పటికే మనం ఎక్కువ దగ్గరికి వెళ్ళిపోయామని లెక్క. నా పనంతా ఆ గీతకి ఇవతల ఉండటం, అది వేరే కుక్కని చూసిన ప్రతిసారీ నోట్లో మంచి ముక్క పడేలా చూడటం, ఎదురుగా ఏదైనా వస్తే వెంటనే వెనక్కి తిరిగి నడవడం. నాలుగు బెల్ట్‌లు ఒకే చేత్తో పట్టుకున్న మనిషి ఒక కుక్క కోసం వెనక్కి తిరగలేడు, పాపం అతను మంచివాడైనా సరే. మీరు 8,000 ఇచ్చేది ఆ తిరగగలిగే వీలుకి. ఎన్ని కిలోమీటర్లు నడిచిందని చూడకండి, ఒక్కోసారి నలభై నిమిషాల్లో రెండు చెట్లూ ఒక గోడా వాసన చూసి వచ్చేస్తాం, వాసన చూస్తుంటేనే వాటి మనసు నెమ్మదిస్తుంది.

ఇంకోటి, భయం పేరుకుంటుంది. పొద్దున లిఫ్ట్‌లో కుక్క, తర్వాత సైలెన్సర్ తీసేసిన బైక్, సాయంత్రం బ్యాండు మేళం. మూడోదానికి పేలుతుంది, మనమేమో మూడోదాన్నే తప్పు పడతాం. అలాంటి రోజు గడిస్తే మర్నాడు నేను బయటికి తీసుకెళ్ళను, పాత టవల్ మడతల్లో తిండి దాచి ఇంట్లోనే వెతికిస్తాను.

మనిషిని ఎంచుకునేటప్పుడు ఇది అడగండి: "వదిలేసిన కుక్క ఒకటి పరిగెత్తుకుంటూ వస్తే ఏం చేస్తావు?" కర్ర తీస్తానంటే వద్దని చెప్పండి. నేనైతే రాగిని నా వెనక్కి తెచ్చి, వచ్చే కుక్క ముందు గుప్పెడు తిండి చల్లి, అది ఏరుకునేలోపు పక్కకి తప్పుకుంటాను. మీ వీధి కుక్కల గురించి అడుగుతున్నాడా లేదా అనేది కూడా చూడండి. 2023 ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) నిబంధనల ప్రకారం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసిన కుక్కల్ని పట్టిన చోటే మళ్ళీ వదులుతారు, చెవి కొస కత్తిరించి ఉంటుంది, అంటే మీ సందులో కుక్కలు ఎప్పుడూ దాదాపు అవే. ఏది ఎక్కడ పడుకుంటుంది, వాటికి అన్నం పెట్టేవాళ్ళు ఏ టైమ్‌కి వస్తారు తెలిస్తే సగం పని అయినట్టే. తిండి దగ్గర ఉన్నప్పుడు అవి ఇంకో కుక్కని రానివ్వవు, ఆ టైమ్‌లో అటు పోకూడదు.

హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే బెల్ట్) ఒక్కటే నమ్మకండి. ఇండీలకి ఛాతీ సన్నం, భయపడితే వెనక్కి జరిగి జారిపోతాయి. రెండో ఏడాదిలో, నిమజ్జనం రోజు డీజే మొదలవగానే ఒక కుక్క నా చేతిలోంచి అలాగే జారిపోయింది, మూడు గంటలు వెతికాను, ఆ మూడు గంటలు నేను మర్చిపోలేను. తప్పు నాదే, ఆ రోజు ఆ టైమ్‌కి బయటికి తీయకూడదు. అప్పటినుంచి హార్నెస్‌కి ఒక కొక్కెం, మెడ బెల్ట్‌కి ఒక కొక్కెం, ఇలా రెండు చివరలా కొక్కేలున్న లీష్ (పట్టుకునే తాడు) వాడతాను. మజిల్ (కరవకుండా మూతికి తొడిగేది) కూడా మెల్లగా అలవాటు చెయ్యండి. గుడ్డది కాదు, ఎద్దుల మూతికి కట్టే చిక్కంలా గాలాడే బుట్ట రకం, దాంతో నోరు తెరిచి రొప్పగలదు, నీళ్ళు తాగగలదు, ముక్కలు తినగలదు.

వీటన్నిటికంటే ముందు వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి. చెవి నొప్పో, నడుము నొప్పో ఉన్నా కుక్కలు ఇలా చిరాకుపడతాయి. భయం మరీ ఎక్కువైతే మందులు కూడా ఉన్నాయి, అవి వాడటంలో తప్పేం లేదు. రేబీస్ టీకా కార్డు ఫోటో వాకర్ దగ్గర ఉంచండి, పొరపాటున ఎవరికైనా గాటు పడితే సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడిగి ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి.

రీడింగ్_నుంచి:

యూకేలో ఉంటాను, మాది షెల్టర్ నుంచి తెచ్చుకున్న స్టాఫీ క్రాస్ (స్టాఫర్డ్‌షైర్ బుల్ టెరియర్ కలిసిన సంకరజాతి కుక్క). ఇక్కడ ఒక్కదాన్నే తిప్పే వాకర్లు వేరేగా ఉంటారు, గ్రూప్ వాక్ కంటే ఖర్చెక్కువ. కుక్క ఎవరినీ కరవకపోయినా, కరుస్తుందేమో అని ఎదుటి మనిషి సహేతుకంగా భయపడితే చాలు, 1991 డేంజరస్ డాగ్స్ యాక్ట్ కింద కేసు పడొచ్చు, అందుకే మేం బయట మజిల్ లేకుండా తీసుకెళ్ళం. నాకు బాగా పనికొచ్చింది మాత్రం చుట్టూ ఎత్తైన కంచె ఉన్న పొలాలు. అరగంటకో గంటకో అద్దెకిస్తారు, ఆ టైమ్‌లో మన కుక్క తప్ప ఇంకేదీ ఉండదు, వదిలేస్తే హాయిగా పరిగెత్తుతుంది. ఆ లెక్కన మీ అత్తయ్యగారి మాట సగం కరెక్టే. పిట్టగోడ ఎత్తుగా ఉంటే మేడ మీద ఐదు మీటర్ల తాడుతో వదలండి, పక్కన ఎవరో ఒకరు ఉండాలి. వాకర్ రాని రోజులకి అది చాలా బాగుంటుంది. డాగ్ పార్క్‌కి మాత్రం ఇప్పుడప్పుడే వద్దు.

నల్లగండ్ల_రాగి:

అందరికీ చాలా థాంక్స్, చదువుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. డాక్టర్‌కి చూపించాం, కుడి చెవిలో ఇన్ఫెక్షన్ ఉందట! ఎన్నాళ్ళనుంచి ఉందో, మేం గమనించనే లేదు. చుక్కల మందు రాశారు. ఇద్దరు వాకర్లతో మాట్లాడాం. మొదటతను కర్ర అన్నాడు. రెండో ఆవిడ నన్నే ఇరవై ప్రశ్నలడిగి, పొద్దున ఐదున్నరకి ముందు మా సందులు ఒక్కతే తిరిగి చూసుకుని వస్తానన్నారు. ఆవిడనే పెట్టుకున్నాం. ఈ నాలుగు రోజులూ సెల్లార్‌లోనే, నిన్న రాగి ఆవిడ చెప్పులు వాసన చూసి పక్కన పడుకుంది.

ఒక్క డౌట్. నా డెలివరీ సరిగ్గా దీపావళి ముందు వారం. ఆ రోజుల్లో వాకింగ్ పూర్తిగా ఆపెయ్యాలా?

ఒకసారి_ఒకే_కుక్క:

ఆవిడని వదులుకోకండి మేడమ్. పండక్కి వారం ముందునుంచే టపాసులు మొదలవుతాయి, కాబట్టి తెల్లవారుజామున ఒక్కసారే, అదీ మీ కాంపౌండ్ లోపలే తిప్పమనండి, రెండు కొక్కేలూ వేసి. చీకటి పడకముందే ఒంటికి, రెంటికి చేయించి, కిటికీలు వేసి, ఫ్యాన్ పెట్టి, అది దాక్కునే మంచం కింద పాత దుప్పటి పరిచి ఉంచండి. బలవంతంగా బయటికి లాగొద్దు. పోయిన ఏడాది టపాసులకి బాగా వణికి ఉంటే ఇప్పుడే డాక్టర్‌ని అడగండి, కొన్ని మందులు పండగ రోజున కాదు, కొన్ని వారాల ముందే మొదలుపెట్టాలి.