వెలుతురులో టర్మినల్ ఆక్సిడేజ్‌లకు పనుందా, అంతా ఫ్లేవోడైఐరన్ పుణ్యమేనా?

పటమట_ఎంజైమ్:
సైనోబ్యాక్టీరియాలో (కిరణజన్య సంయోగక్రియ చేసే బ్యాక్టీరియా) శ్వాసక్రియ చీకటి పని అనే పక్షం నాది. వాటిలో సినెకోసిస్టిస్ 6803 అనే రకాన్నే తీసుకోండి. శ్వాసక్రియ చివర ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కి అందించే ఎంజైమ్‌లే టర్మినల్ ఆక్సిడేజ్‌లు, అవి మూడు. వెలుతురును పట్టే లోపలి పొర థైలకాయిడ్‌లో కాక్స్, సిడ్. సైటోప్లాస్మిక్ పొరలో ఆర్టో. పగటి దారిలో ఎలక్ట్రాన్లు పిఎస్2 (ఫోటోసిస్టమ్ 2, నీటిని చీల్చి ఆక్సిజన్ వదిలేది) నుంచి ప్లాస్టోక్వినోన్, సైటోక్రోమ్ బి6ఎఫ్ మీదుగా పిఎస్1 (ఫోటోసిస్టమ్ 1)కి పోతాయి. కాక్స్‌కి ఎలక్ట్రాన్లు బి6ఎఫ్ దాటాక అందుతాయి, సిడ్ నేరుగా ప్లాస్టోక్వినోన్ నుంచే లాక్కుంటుంది. పగలు ఆ ఎలక్ట్రాన్లకు పిఎస్1 ఉంది. అక్కడా పొంగితే ఫ్లేవోడైఐరన్ ప్రోటీన్ల జంట ఎఫ్‌ఎల్‌వి1/3 ఆక్సిజన్‌ను నీరు చేసేస్తుంది. కాక్స్, సిడ్ రెండూ తీసేసినా నిరంతర వెలుతురులో పెరుగుదల మామూలే. ఉన్నా లేకపోయినా ఒకటే అయినప్పుడు పగటి పూట అవసరం అని ఎట్లా అంటాం?

బ్రాడీపేట_నాచు:
‘నిరంతర’ దగ్గరే ఉంది కిటుకంతా. 2013లో అదే డబుల్ మ్యూటంట్‌కి (కాక్స్, సిడ్ రెండూ లేని కణాలకు) 12 గంటలు గట్టి వెలుతురు, 12 గంటలు చీకటి, స్విచ్ వేసి తీసినట్టు ఇచ్చి చూశారు. రెండు రోజులు తిరిగేసరికి కల్చర్ పూర్తిగా పాలిపోయింది. వెలుతురును మెల్లగా పెంచి మెల్లగా దించితే పెద్దగా పాలిపోలేదు, కాకపోతే నెమ్మదిగా పెరిగింది. మన ల్యాబ్ ర్యాకుల్లో టైమర్‌కి తగిలించిన ట్యూబ్‌లైట్లది స్విచ్ పద్ధతి. కృష్ణ కరకట్ట మీద అట్లా తెల్లారదు కదా.

పటమట_ఎంజైమ్:
అదీ చీకటి లెక్కే అన్నా. రాత్రి నిల్వ ఉన్న గ్లైకోజెన్ సరిగా కరగలేదు, ప్లాస్టోక్వినోన్ ఎలక్ట్రాన్లతో నిండిపోయి ఉంది, పొద్దున్నే లైటు పడగానే మాడింది. నా మాటకే బలం.

బ్రాడీపేట_నాచు:
సగం ఒప్పుకుంటా. మరి ఆ మ్యూటంటే మినుకుమినుకుమనే వెలుతురులోనూ దెబ్బతింది, స్థిరమైన వెలుతురులో తినలేదు. దాన్ని ఏ రాత్రి ఖాతాలో రాస్తారు?

లాం_ఎలక్ట్రోడ్:
వాదన సరే, మీరు కొలిచేదేమిటో ముందు తేల్చుకోండి. ఆక్సిజన్ కొలిచే క్లార్క్ ఎలక్ట్రోడ్ వెలుతురులో చూపేది నికరం మాత్రమే. పిఎస్2 వదిలేది, మిగతావి తాగేది కలిసిపోతాయి. విడదీయాలంటే బరువైన ఐసోటోప్ ఆక్సిజన్-18 ఇచ్చి మెంబ్రేన్ ఇన్‌లెట్ మాస్ స్పెక్ట్రోమీటర్‌లో చూడాల్సిందే.

చీకటి కొలతకు క్లార్క్ చాలు, కానీ అక్కడా గోతులున్నాయి. 30 డిగ్రీల దగ్గర గాలితో సంతృప్తమైన నీళ్లలో ఆక్సిజన్ సుమారు 236 మైక్రోమోలార్. మే నెల బెజవాడలో వేడి చేయడం తప్ప చల్లబరచడం రాని వాటర్ బాత్ 30కి దిగనే దిగదు. అది 35 దగ్గర ఆగితే అసలు విలువ 217. మీరు 236 అని రాసుకుంటే అక్కడే ఎనిమిది, తొమ్మిది శాతం తేడా. సున్నా గుర్తుకు చిటికెడు సోడియం డైథయోనైట్ వేసి ఆక్సిజన్ తీసేయాలి. ఎలక్ట్రోడ్ పొర కింద బుడగ చిక్కితే గీత జారుతూనే ఉంటుంది, పొర మళ్లీ బిగించాలి. కణాలు లేని ఒట్టి బఫర్‌తో ఒక పరుగు తప్పనిసరి, ఎందుకంటే ఎలక్ట్రోడ్ కూడా ఆక్సిజన్ తింటుంది. కాక్స్‌ను ఆపడానికి ఒక మిల్లీమోలార్ పొటాషియం సయనైడ్ వేశాక మిగిలిన వాలు అంతా సిడ్ పనే అని రాసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

సయనైడ్ పికెఎ (ఆమ్ల బలం సూచిక) 9.2. స్టాక్‌ని న్యూట్రల్ చేసి పెడితే హైడ్రోజన్ సయనైడ్‌గా లేచిపోతుంది. మందు బలం తగ్గుతుంది, మీ ప్రాణానికీ ముప్పు. ఫ్యూమ్ హుడ్ లేకుండా ముట్టొద్దు, యాసిడ్ దరిదాపుల్లో ఉండొద్దు. ఇంకోటి: వెలుతురులో సయనైడ్ కార్బన్ పట్టే ఎంజైమ్ రూబిస్కోనూ, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడగొట్టే క్యాటలేజ్‌నూ కూడా పట్టేస్తుంది. రూబిస్కో నడిపే కాల్విన్ చక్రం ఆగితే ఎలక్ట్రాన్లు ఎటో ఒకటు పొర్లుతాయి. ఆ గ్రాఫు పట్టుకుని కాక్స్ గురించి తీర్పు చెప్పకూడదు.

బ్రాడీపేట_నాచు:
ఆ మాస్ స్పెక్ట్రోమీటర్ పని 2016లో వచ్చింది మాస్టారూ. గట్టి వెలుతురులో కాక్స్ ఎలక్ట్రాన్ల కోసం పిఎస్1 గుండెకాయ పి700తో పోటీ పడుతోంది. సిడ్ మాత్రం వెలుతురులో ఆక్సిజన్ తాగడం రెండే చోట్ల కనబడింది: బి6ఎఫ్ దగ్గర దారి మూసినప్పుడు, ఎఫ్‌ఎల్‌వి1/3 లేని కణాలకు వెలుతురు హెచ్చుతగ్గులు ఇచ్చినప్పుడు. అంటే పెద్ద తూము తెరుచుకోకపోతేనే ఈ చిన్న తూము బయటపడుతుంది.

పటమట_ఎంజైమ్:
ఆ పెద్ద తూము ఎఫ్‌ఎల్‌వినే కదా! 5 నిమిషాలు 20 మైక్రోమోల్ ఫోటాన్లు (చదరపు మీటరుకి, సెకనుకి), ఆపై 30 సెకన్లు 500 ఇచ్చే పద్ధతిలో ఎఫ్‌ఎల్‌వి1 గానీ ఎఫ్‌ఎల్‌వి3 గానీ లేని కణం తట్టుకోలేదు. వేగం, సామర్థ్యం రెండూ దానివే. ‘చీకటి పని మాత్రమే’ అన్న మాట వెనక్కి తీసుకుంటా. వెలుతురులో కాక్స్ పని చేస్తుంది, నెమ్మదిగా, కొద్దిగా. అంతకు మించి ఇవ్వను.

సార్వా_మడి:
పోగులా పెరిగే సైనోబ్యాక్టీరియా అనబీనా సంగతి ఎవరూ ఎత్తలేదేం? వరి మడిలో నత్రజని పట్టేది హెటెరోసిస్టు (ఆ పోగులో నత్రజని కోసమే మారిన కణం), పట్టపగలే పట్టాలి. అనబీనా 7120లో హెటెరోసిస్టు టర్మినల్ ఆక్సిడేజ్‌లు కాక్స్2, కాక్స్3 రెండూ తీసేస్తే గాలిలో నత్రజని మీద బతకలేదు. నత్రజని పట్టే ఎంజైమ్, ఆక్సిజన్ తగిలితే పాడయ్యే నైట్రోజనేజ్ దగ్గరికి ఆక్సిజన్ రాకుండా ఊడ్చేది అవే.

పటమట_ఎంజైమ్:
హెటెరోసిస్టులో పిఎస్2 పని చేయదు, ఆక్సిజన్ పక్క కణాల నుంచి, బయటి నుంచి వస్తుంది. దాన్ని తెచ్చి 6803 థైలకాయిడ్‌కి అతికించలేం. పైగా అక్కడా ఫ్లేవోడైఐరన్ ప్రోటీన్ ఎఫ్‌ఎల్‌వి3బి ఉంది, వెలుతురులో అదీ ఊడుస్తోంది.

సార్వా_మడి:
ఊడవనీండి. ఎఫ్‌ఎల్‌వి3బి ఉండగానే కదా ఆ డబుల్ మ్యూటంట్ చతికిలపడింది?