ఎక్సోమ్ రిపోర్టులో "వి.యు.ఎస్." అని వచ్చింది. జబ్బు ఉన్నట్టా, లేనట్టా?

ప్రశ్న (బాబు తండ్రి):

నమస్కారం. మా బాబుకి మూడేళ్లు. ఏడాది నిండకముందు నుంచీ ఫిట్స్ వస్తున్నాయి. రెండు మందులు వాడుతున్నా పూర్తిగా కట్టడి కాలేదు. నడక ఆలస్యంగా వచ్చింది, ఇప్పటికీ నడుస్తూ తూలిపోతుంటాడు. ఎమ్మారైలో ఏమీ కనిపించలేదు. హోల్ ఎక్సోమ్ టెస్టు (జీన్‌లలో ప్రొటీన్ల తయారీకి పనికొచ్చే భాగాలన్నీ చదివేది) చేయిస్తే ఎస్‌ఎల్‌సి2ఏ1 అనే జీన్‌లో ఒక మార్పు ఉందనీ, అది వి.యు.ఎస్. అనీ రాశారు. డాక్టర్ గారి అపాయింట్‌మెంట్‌కి ఇంకా టైముంది. ఈలోగా ఇంట్లో సగం మంది జబ్బు దొరికిపోయిందంటున్నారు, సగం మంది ఏమీ లేదనేగా అంటున్నారు. ఎవరిది నిజం? మా పాపకి ఆరేళ్లు, ఆరోగ్యంగా ఉంది. తనకీ ఈ టెస్టు చేయించాలా? రీసెర్చ్ చేసేవాళ్లకి ఈ రిపోర్టు ఇస్తే ఏమైనా దారి దొరుకుతుందా?

జవాబు (జెనెటిక్ కౌన్సెలర్‌గా పనిచేసే సభ్యురాలు):

ఇద్దరిదీ తొందరేనండీ. జీన్‌లో దొరికిన మార్పుని ల్యాబులు ఐదు తరగతుల్లో ఒకదాంట్లో పెడతాయి: జబ్బు కలిగించేది, బహుశా కలిగించేది, అనిశ్చితం (వి.యు.ఎస్. అంటే ఇదే, వేరియంట్ ఆఫ్ అన్‌సర్టెన్ సిగ్నిఫికెన్స్), బహుశా హాని లేనిది, హాని లేనిది. 2015లో ఏసీఎంజీ, ఏఎంపీ అనే అమెరికా సంస్థలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాలే చాలా ల్యాబులకి ఆధారం. "బహుశా" అని రాయడానికే 90 శాతం పైగా నమ్మకం కావాలి. అటూ ఇటూ అంత నమ్మకం చిక్కనివన్నీ మధ్య తరగతిలో పడతాయి. అందుకే ఏ రెండు వి.యు.ఎస్.లూ ఒకటి కావు. ఒకటి జబ్బు గుమ్మం దాకా వచ్చి ఆగి ఉంటుంది, ఇంకోటి దాని గురించి ఎవరికీ ఏమీ తెలియక అక్కడ ఉండిపోతుంది.

మీది ఏ రకమో రిపోర్టులోనే కొంత తెలుస్తుంది. ఆ మార్పు వివరణలో చిన్న అక్షరాలతో పీఎం2, పీపీ3 లాంటి కోడ్‌లు ఉన్నాయేమో చూడండి. పీఎం2 అంటే జీనోమ్యాడ్ లాంటి జనాభా డేటాబేస్‌లో ఆ మార్పు లేదు, లేదా చాలా అరుదు అని. పీపీ3 అంటే కంప్యూటర్ అంచనాలు హాని వైపు చెప్పాయని. ఈ రెండే ఉంటే ఆధారం పలచనిదే. జీనోమ్యాడ్‌లో 8 లక్షల మందికి పైగా డేటా ఉన్నా అన్ని జాతులవాళ్లూ సమానంగా లేరు. తక్కువగా ఉన్నవాళ్లలో మామూలు మార్పు కూడా అరుదైనదిలా కనిపిస్తుంది, వాళ్లకి వి.యు.ఎస్.లు ఎక్కువ రావడానికి ఇదొక కారణం.

ఇప్పుడు మీరు అడిగి చేయించుకోవాల్సింది తల్లిదండ్రులుగా మీ ఇద్దరి శాంపిళ్లలో ఆ ఒక్క చోటు చూసే పరీక్ష. మళ్లీ మొత్తం ఎక్సోమ్ అక్కర్లేదు. ఈ జీన్‌తో వచ్చే జబ్బు చాలామంది పిల్లల్లో తల్లిదండ్రుల నుంచి రాదు, కొత్తగా పుట్టిన మార్పే కారణమవుతుంది. మీ ఇద్దరిలోనూ లేదని తేలితే అది గట్టి ఆధారం, తరగతి మారే అవకాశం ఎక్కువ. ఏ లక్షణాలూ లేని మీలో ఒకరికి అదే మార్పు ఉంటే అనుమానం తగ్గుతుంది, పూర్తిగా పోదు.

పాపకి ఇప్పుడు వద్దు. అనిశ్చితంగా ఉన్న మార్పు తనలో ఉన్నా లేకపోయినా దాంతో చెప్పగలిగేది ఏమీ ఉండదు, మీకు బెంగ తప్ప.

జవాబు (పిల్లల నరాల విభాగంలో పనిచేసే డాక్టర్):

పై జవాబు సరిగ్గా ఉంది. నేను జబ్బు గురించి చెబుతాను, ఎందుకంటే ఈ జీన్ విషయంలో ఆలస్యం మంచిది కాదు.

రక్తంలోని గ్లూకోజ్‌ని మెదడులోకి చేర్చే గ్లూట్1 అనే ప్రొటీన్ తయారయ్యేది ఎస్‌ఎల్‌సి2ఏ1 నుంచే. అది చాలకపోతే రక్తంలో షుగర్ మామూలుగా ఉన్నా మెదడుకి అందదు. దీన్నే గ్లూట్1 లోపం అంటారు. 1991లో డి వివో అనే పిల్లల నరాల డాక్టర్ బృందం ఈ జబ్బుని మొదటిసారి వర్ణించింది. కొవ్వు నుంచి ఒంట్లో తయారయ్యే కీటోన్లు మెదడులోకి వేరే దారిన వెళ్తాయి కాబట్టి కీటోజెనిక్ డైట్ (కొవ్వు బాగా ఎక్కువ, పిండిపదార్థాలు బాగా తక్కువ ఉండే తిండి) దీనికి ప్రధాన చికిత్స. అరుదైన జన్యు జబ్బుల్లో ఇలా నేరుగా మూలానికి తగిలే చికిత్స ఉన్నవి కొన్నే. అందుకే ఆ తరగతి మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోకూడదు.

ఒక్క విషయం చెప్పండి. పొద్దున్నే, ఏమీ తినకముందు ఫిట్స్, తూలడం ఎక్కువగా ఉంటాయా? తిన్నాక నయమనిపిస్తుందా?

బాబు తండ్రి:

అవునండీ! లేచిన కాసేపటికే వస్తాయి, పాలు తాగాక కుదురుకుంటాడు. నిద్రమత్తు అనుకున్నాం. మరి కీటో డైట్ ఇంట్లోనే మొదలుపెట్టేయొచ్చా?

డాక్టర్:

వద్దండీ, దయచేసి. కొవ్వుని వాడుకోలేని కొన్ని పుట్టుక జబ్బులున్న పిల్లలకి ఆ డైట్ ప్రాణాపాయం. ముందు రక్తపరీక్షలతో అవి లేవని తేల్చుకోవాలి. తర్వాత డైటీషియన్ కొలతలు కట్టి, ఆస్పత్రి పర్యవేక్షణలో మొదలుపెట్టాలి. పైగా అసలు పరీక్ష డైట్ కంటే ముందే జరగాలి.

ఆ పరీక్ష వెన్నులో నీరు తీసి గ్లూకోజ్ చూడటం. పిల్లాణ్ని 4 నుంచి 6 గంటలు ఖాళీ కడుపుతో ఉంచి, ముందు రక్తం తీసి, వెంటనే నీరు తీస్తారు. ఈ వరస ముఖ్యం: సూది గుచ్చిన కంగారుకి, ఏడుపుకి రక్తంలో షుగర్ పెరుగుతుంది, అప్పుడు లెక్క తప్పుతుంది. నీటిలో గ్లూకోజ్ మామూలుగా రక్తంలో ఉన్నదానికి 0.6 వంతు దగ్గర ఉంటుంది. ఈ జబ్బున్న ఎక్కువమందిలో 0.45 కంటే తక్కువ. గ్లూకోజ్ నుంచి తయారయ్యే లాక్టేట్‌ని కూడా ఆ నీటిలో చూడమనండి, ఈ జబ్బులో అది పెరగదు.

ఫిట్స్ వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. చివరిసారి ఎప్పుడు తిన్నాడో పక్కన రాసుకోండి. మందుల్లో ఫీనోబార్బిటల్ గానీ వాల్‌ప్రోయేట్ గానీ ఉంటే డాక్టర్‌ని అడగండి, గ్లూట్1 పనిని ఇవి తగ్గిస్తాయని ల్యాబ్ ప్రయోగాల్లో కనిపించింది. మీ అంతట మీరు ఆపొద్దు, ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. ఈ పొద్దుటి సంగతి చెప్పి అపాయింట్‌మెంట్ ముందుకు జరపమనండి.

జవాబు (అరుదైన జబ్బున్న పాప తల్లి):

రీసెర్చ్ గురించి నేను చెబుతాను. మా పాప రెండు అధ్యయనాల్లో ఉంది.

తెలియని జీన్ దొరికితే జీన్‌మ్యాచర్ లాంటి చోట్ల అదే జీన్ ఉన్న ఇంకో కుటుంబాన్ని వెతుకుతారు. మీది బాగా తెలిసిన జీన్ కాబట్టి మీకు దానికంటే ఆ జబ్బు రిజిస్ట్రీ (ఆ జబ్బున్నవాళ్ల వివరాలు నమోదు చేసే పట్టిక) ఉపయోగం. మీ ల్యాబ్ ఈ మార్పుని క్లిన్‌వార్‌లో (జీన్ మార్పులనీ వాటి తరగతులనీ అందరూ చూడగల డేటాబేస్) నమోదు చేస్తుందా అని అడగండి. రేపు ఇంకెక్కడో ఒక పిల్లాడిలో ఇదే కనిపిస్తే ఇద్దరి లెక్కా కలుస్తుంది.

కొత్త చికిత్సని పరీక్షించే ట్రయల్‌కి రమ్మంటే సంతకం ముందు అడగాల్సినవి ఉన్నాయి. ఫలితం మాకు చెబుతారా? డేటా ఎవరి దగ్గర ఉంటుంది? మధ్యలో మానేస్తే మామూలు వైద్యం ఆగదు కదా? ఎవరైనా డబ్బు కట్టమంటే ముందు మీ డాక్టర్‌తో మాట్లాడండి. ఆశ పెట్టుకోవచ్చు గానీ ట్రయల్ అంటే చికిత్స అనుకోవద్దు. గ్లూట్1 లోపానికే ట్రైహెప్టనోయిన్ అనే కొవ్వు మీద మొదట్లో చాలా ఆశ ఉండేది, 2018లో మూడో దశ ట్రయల్ ఫలితాలు వచ్చేసరికి ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మోతాదు) కంటే మేలని తేలలేదు. పిల్లల్ని తీసుకెళ్లిన ఆ తల్లిదండ్రుల శ్రమ వృథా అని నేను అనుకోను. పనికిరానిదేదో తెలిసిందీ వాళ్ల వల్లే.

ఇంకొకటి, టెస్టు ముడి డేటా ఫైళ్లు అడిగి తెచ్చుకోండి. ఒకటి రెండేళ్లకి అదే డేటాని మళ్లీ చదివిస్తే కొంతమందికి కొత్త జవాబు దొరుకుతుంది. పొద్దుటి ఫిట్స్, తూలడం లాంటివి ల్యాబ్‌కి పంపిన ఫారంలో రాశారో లేదో చూడండి. వాళ్లు వెతికేది ఆ లక్షణాల్ని పట్టుకునే.

బాబు తండ్రి:

చూశానండీ, ఫారంలో "ఫిట్స్" అని ఒక్క మాటే ఉంది. మిగతావి రాసి ల్యాబ్‌కి మెయిల్ పెడుతున్నాను. ఆస్పత్రికి ఫోన్ చేస్తే రేపే రమ్మన్నారు.

డాక్టర్:

మంచిదండీ. నీరు తీసే రోజున రక్తం తీసిన టైమూ, నీరు తీసిన టైమూ రెండూ రిపోర్టు మీద రాయమనండి.